విత్తనం ఎవరిది? నడిగడ్డ పత్తిచేల నుండి ఒక విచారణ



గత భాద్రపద మాసంలో కొత్తకోట నుండి అలంపురం జోగులాంబా దర్శనానికి బయలుదేరాను. పెబ్బేరు దాటి, బీచుపల్లిలో కృష్ణాతీరాన ఆంజనేయస్వామికి నమస్కరించి, వంతెన దాటగానే నడిగడ్డ ప్రారంభమవుతుంది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న భూమికి మా ప్రాంతం వారు పెట్టుకున్న పేరది. ఉదయం తొమ్మిది గంటలు కావస్తున్నది. రహదారి పక్కన ఒక పత్తిచేనులో పదిహేను ఇరవై మంది స్త్రీలు వరుసలు తీరి వంగి ఉన్నారు. పత్తి ఏరే కాలం కాదు, కలుపు తీసే తీరూ కాదు. కారు ఆపించి గట్టుమీదికి వెళ్ళి, ఏమి చేస్తున్నారమ్మా అని అడిగాను.

"క్రాసింగు సారూ. మొగ పువ్వు దెచ్చి ఆడ పువ్వుకు అంటిస్తున్నం" అన్నది ఒక తల్లి తల ఎత్తకుండానే. కొంతసేపటికి తానే మళ్ళీ నవ్వుతూ, "పెండ్లి జేసినట్టే అనుకో. పెండ్లి మేమే జేస్తం గని కట్నం ఎవలకు వోతదో మాకెరుక లేదు" అన్నది.

ఆ మాట నాతో పాటు అలంపురం వచ్చింది. నవబ్రహ్మాలయాల ప్రదక్షిణలోనూ వదలలేదు. ఈ వ్యాసం ఆ తల్లి ప్రశ్నకు సమాధానం వెదికే ప్రయత్నం.

ఇక్కడ పూర్వపక్షం ఒకటి వస్తుందని తెలుసు. ఆత్మానాత్మ వివేకం చర్చించవలసిన చోట కంపెనీలు, రాయల్టీలు, అంతర్జాతీయ వాణిజ్యం ఎందుకు అని కొందరు పాఠకులు ఆక్షేపిస్తారు. వారికి తులాధారుణ్ణి గుర్తు చేస్తాను. మహాభారత శాంతిపర్వంలో, జటలలో పక్షులు గూడు కట్టుకొనేంతగా నిశ్చలంగా తపస్సు చేసిన జాజలికి ధర్మసూక్ష్మం బోధించినవాడు వారణాసిలో అంగడి పెట్టుకొన్న ఆ వర్తకుడే. ఆయన ధర్మం ఆయన త్రాసులోనే ఉన్నది. ఆ త్రాసు సర్వభూతాలకూ సమంగా తూగుతుంది. వాణిజ్యం ధర్మవిచారణకు అతీతమని మన ఋషులు ఎన్నడూ అనుకోలేదు. అలా అనుకొన్నది మనమే. ఉదయం పూజ, పగలు వ్యాపారం, సాయంకాలం ప్రవచనం అని దినాన్ని గదులుగా విభజించుకొని, నడిమి గదికి ధర్మప్రవేశం నిషేధించాము.

ఇక విషయానికి వస్తాను.

నేల మట్టిలో ఒక సూక్ష్మజీవి ఉన్నది. 1901లో జపాను దేశపు శాస్త్రజ్ఞుడు ఇషివాటా పట్టుపురుగులకు వచ్చిన ఒక వ్యాధిని పరిశీలిస్తూ దానిని కనుగొన్నాడు. తరువాత 1915లో జర్మనీలోని థురింజియా ప్రాంతం పేరిట బర్లినర్ దానికి బాసిల్లస్ థురింజియెన్సిస్ అని నామకరణం చేశాడు. ఆ జీవి ఉత్పత్తి చేసే ఒక మాంసకృత్తు కొన్ని జాతుల పురుగులకు విషం. దానిని నిర్మించే జన్యువును పత్తిమొక్కలో ప్రవేశపెడితే, కాయను తొలిచే పురుగుకు మొక్కే మృత్యువవుతుంది. ఈ సాంకేతిక విద్యను వాణిజ్యరూపానికి తెచ్చినది అమెరికాలోని మోన్సాంటో సంస్థ. మనమందరం బీటీ పత్తి అని పిలిచేది దీనినే.

ఒక విదేశీ సంస్థ పరదేశపు విపణిలో ఎట్లా ప్రవేశిస్తుందో గమనించండి. మోన్సాంటో నేరుగా వచ్చి అంగడి తెరవలేదు. 1998లో మహారాష్ట్రకు చెందిన మహికో అనే విత్తన సంస్థలో వాటా తీసుకొన్నది. ఇద్దరూ సమభాగాలతో మహికో మోన్సాంటో బయోటెక్ అనే ఉమ్మడి సంస్థను నిర్మించుకొన్నారు. 2002 మార్చిలో కేంద్రప్రభుత్వ అనుమతి లభించింది. అటుపిమ్మట ఆ ఉమ్మడి సంస్థ దేశంలోని ఇతర విత్తన కంపెనీలతో పోటీపడి వాటిని అణచే మార్గం ఎంచుకోలేదు. వాటికే జన్యువును లైసెన్సు మీద ఇచ్చింది. సంకరవిత్తనం మీది, లక్షణం మాది, అమ్మిన ప్రతి సంచీకి ఇంత రుసుము చెల్లించండి అన్నది. ప్రత్యర్థిని కప్పం చెల్లించే సామంతుణ్ణి చేసే ఈ నీతి సామదానభేదదండాలు చదివినవారికి కొత్తది కాదు. కొద్ది సంవత్సరాలలోనే నలభైకి పైగా కంపెనీలు ఆ లైసెన్సు తీసుకొన్నాయి. దశాబ్దం గడిచేసరికి దేశంలో పత్తి పండే నేలలో నూటికి తొంభై వంతులకు మించి ఆ జన్యువే మొలకెత్తింది.

లైసెన్సు తీసుకొన్నవారిలో అగ్రగణ్యమైనది నూజివీడు సీడ్స్. 1973లో మండవ వెంకటరామయ్యగారు మామిడిపండ్లకు ప్రసిద్ధమైన నూజివీడులో స్థాపించిన సంస్థ ఇది. బన్నీ, మల్లిక అనే వారి పత్తిసంకరాలు మా పాలమూరు రైతులకు ఇంటిబిడ్డల పేర్లంత పరిచితాలు. అన్నట్టు, మా కొత్తకోట మండలంలోని చక్కెర కర్మాగారం కూడా అదే ఎన్.ఎస్.ఎల్. సమూహానిది. చెరకుబండ్లు వరుసకట్టే ఋతువులో ఆ కర్మాగారపు తీపివాసన మా ఊరికి సుపరిచితం. అందువల్ల నేను వర్ణించబోయే కలహంలో ఒక పక్షం నాకు దూరపు పేరు కాదు. అది ఇరుగుపొరుగు.

కలహానికి ముందు పత్తిచేనులోకి మరొకమారు వెళ్ళాలి. పత్రికలు ఈ వివాదాన్ని వ్రాసినప్పుడల్లా న్యాయస్థానాల నుండి ప్రారంభిస్తాయి. నాకు మాత్రం అది పువ్వు దగ్గర ప్రారంభమవుతుంది.

పత్తిపువ్వు స్వభావతః ద్విలింగి. పుప్పొడీ కీలాగ్రమూ ఒకే పుష్పంలో ఉంటాయి కనుక అది తనంతట తాను ఫలిస్తుంది. సంకరవిత్తనం కావాలంటే ఈ స్వభావాన్ని ప్రతి పువ్వులోనూ చేతితో ఆపాలి. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను ముందునాటి మధ్యాహ్నం గుర్తించి, గోటితో ఆకర్షణపత్రాలను, వాటితో పాటు కేసరాలను ఒక్క పెట్టున ఒలిచివేస్తారు. లోపలి కీలం చిట్లరాదు, ఒక్క పుప్పొడి తిత్తి కూడా మిగలరాదు. మరునాటి ఉదయం వేరే వరుసలో ఉన్న మగమొక్కల పువ్వులు కోసుకొని వచ్చి, ఒలిచి ఉంచిన ప్రతి కీలాగ్రానికీ పుప్పొడి అంటిస్తారు. ఎండ ముదిరితే ఫలదీకరణం సరిగా జరుగదు. కనుక తొందర. ఈ ద్వంద్వక్రియ రెండు నెలలకు పైగా, ఆదివారం అమావాస్య అని లేకుండా, ప్రతిదినం జరగవలసిందే. ఒక్కదినం మానితే ఆనాటి పువ్వులు స్వయంఫలితాలై విత్తనంలో కల్తీ చేరుతుంది. 1970లో గుజరాతులో సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4 ప్రపంచంలో వాణిజ్యస్థాయికి వచ్చిన తొలి పత్తిసంకరం. ఆనాటి నుండి ఈనాటివరకు దీని రహస్యం ఇంతే. చేతులు చౌకగా దొరికే దేశంలోనే ఇది సాధ్యం. అమెరికాలో పత్తి సంకరంగా కాక ప్రధానంగా శుద్ధవంగడాలుగా సాగు కావడానికి ఒక ముఖ్యకారణం కూడా ఇదే.

ఆ చేతులు చాలాకాలం చిన్నచేతులే. పువ్వుమట్టానికి ఎత్తు సరిపోతుందని, వ్రేళ్ళు సున్నితమని, కూలి తక్కువని బాలికలను పెట్టేవారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఇది ఎంత విస్తృతమో పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 2003లో వెలువరించిన నివేదిక లోకానికి చెప్పింది. అందులో బహుళజాతి సంస్థల పేర్లు, స్వదేశీ సంస్థల పేర్లు రెండూ ఉన్నాయి. తరువాత స్వచ్ఛందసంస్థల ఒత్తిడి వల్ల, ఐరోపాలో ఎగసిన విమర్శ వల్ల కంపెనీలు పర్యవేక్షణ ప్రారంభించాయి. మా ప్రాంతంలో బడికి వెళ్ళే పిల్లల సంఖ్య పెరిగింది. నేను చూచిన చేనులో ఆనాడు బాలలు లేరు. ఉన్నవారిలో అధికులు తల్లులు. వారిలో కొందరు ఒకప్పుడు ఆ చేలలోనే బాలికలు. నాతో మాట్లాడిన తల్లి, తాను ఎనిమిదో ఏట నుండి ఈ పని చేస్తున్నానని చెప్పింది. ఆ మాటలో ఫిర్యాదు లేదు, తిథివార నక్షత్రాలు చెప్పినంత సహజంగా చెప్పింది. అది నన్ను ఇంకా బాధించింది.

కంపెనీకీ ఈ తల్లికీ నడుమ ఇద్దరున్నారు. చేనుగల రైతు ఒకడు, ఆర్గనైజరు అని పిలువబడే మధ్యవర్తి మరొకడు. మూలవిత్తనాన్ని ఆర్గనైజరు తెచ్చి ఇస్తాడు, పెట్టుబడికి అప్పు ఇస్తాడు, పంటను కంపెనీకి చేరుస్తాడు. జన్యుశుద్ధి పరీక్షలో విత్తనం ఫెయిలైతే ఆ రాశికి విత్తనపు ధర రాదు. మా బంధువులలో ఒకనికి అట్లాగే జరిగింది. పరీక్ష ఎక్కడ చేశారో, ఎవరు చేశారో అతనికి చివరివరకు తెలియలేదు. అప్పు మాత్రం వడ్డీతో సహా నిలిచింది. కూలీలకు అతడు బాకీ పడలేదు, భార్య మెడలోని నగ అమ్మి చెల్లించాడు. ఇట్టివాడు ఏ వాణిజ్యశాస్త్ర గ్రంథంలోనూ కనబడడు.

ఇక కలహం. బీటీ విత్తనం వచ్చిన తొలినాళ్ళలో 450 గ్రాముల సంచీ ధర 1,850 రూపాయలవరకు ఉండేది. అందులో సుమారు 1,250 రూపాయలు లక్షణవిలువ పేరిట ఉమ్మడిసంస్థకు చేరేది. 2006 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తవ్యాపార నియంత్రణ కమిషన్ ముందు ఫిర్యాదు చేసింది. చైనా, అమెరికా రైతులు చెల్లించే రుసుముతో పోల్చి ఇది అన్యాయమని వాదించింది. కమిషన్ రుసుము తగ్గించమన్నది. ప్రభుత్వం సంచీ ధరను 750 రూపాయలకు పరిమితం చేసింది. సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్ళినా ఆ తగ్గింపు ఆగలేదు. ఒక రాష్ట్రప్రభుత్వం ఒక మహాసంస్థతో పెనగులాడి నెగ్గిన ఆ వేసవి మా ప్రాంతంలో ఇంకా కొందరికి జ్ఞాపకం.

రెండవ ఘట్టం 2015లో మొదలైంది. ప్రభుత్వాలు సంచీ ధర నిర్ణయిస్తున్నప్పుడు రాయల్టీ కూడా ఆ మేరకే ఉండాలని నూజివీడు సీడ్స్ వాదించింది. ఒప్పందం ప్రకారం చెల్లించవలసిందే అన్నది ఉమ్మడిసంస్థ. బకాయిల పేరిట లైసెన్సు రద్దు చేసింది. కేంద్రం పత్తివిత్తనాల ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చి, 2016లో సంచీ ధర 800 రూపాయలుగా, అందులో లక్షణవిలువ 49 రూపాయలుగా నిర్ణయించింది. అంతకు ముందు ఆ విలువ సుమారు 163 రూపాయలు. పేటెంటు ఉల్లంఘన జరిగిందని ఒకరు, అసలు మొక్కలో చేరిన జన్యువుకు మన చట్టంలో పేటెంటే చెల్లదని మరొకరు ఢిల్లీ హైకోర్టులో తలపడ్డారు. 2018 ఏప్రిల్‌లో ద్విసభ్య ధర్మాసనం పేటెంటు చెల్లదన్నది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టివేసి, సాక్ష్యాలతో పూర్తి విచారణ జరపమని కేసును వెనుకకు పంపింది. ఈలోగా 2018 జూన్‌లో జర్మనీకి చెందిన బేయర్ సంస్థ సుమారు 6,300 కోట్ల డాలర్లకు మోన్సాంటోనే కొనివేసింది. 2021 మార్చిలో ఉభయులూ రాజీపడ్డారు. మొక్కలో చేరిన జన్యువు ఎవరిది అనే ప్రశ్నకు అంతిమ తీర్పు రాకుండానే కలహం సమసిపోయింది.

నాకు ఈ ఘట్టంలో అత్యంత ఆసక్తికరమైనది ఇదే. ఇరుపక్షాలూ తమ వ్యాపారానికి అవసరమైనంతవరకే సత్యాన్ని శోధించాయి. సత్యం దొరికితే ఇద్దరిలో ఒకరికి నష్టం. రాజీ కుదిరితే ఇద్దరికీ క్షేమం. కనుక శోధన ఆగింది. వాదం మూడు విధాలని మన తార్కికులు వర్గీకరించారు గదా. తత్త్వనిర్ణయం కోసం చేసేది వాదం, జయం కోసం చేసేది జల్పం, స్వపక్షస్థాపన లేకుండా పరపక్షాన్ని ఖండించడం మాత్రమే చేసేది వితండ. అంతర్జాతీయ వాణిజ్యంలో న్యాయస్థానం చాలావరకు జల్పస్థానం. దానిని నిందించడం నా ఉద్దేశం కాదు. అక్కడ తత్త్వనిర్ణయం ఆశించడం మన పొరపాటు అంటున్నాను.

తత్త్వం ఏమిటి? ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువు చేత మర్రిపండు తెప్పిస్తాడు. దానిని చీల్చమంటాడు, అణువంత గింజను చూడమంటాడు, ఆ గింజను కూడా చీల్చమంటాడు. అక్కడ ఏమీ కనబడటం లేదని కుమారుడు చెప్పినప్పుడు, కనబడని ఆ సూక్ష్మతత్త్వం నుండే ఈ మహావృక్షం నిలిచి ఉన్నదని తండ్రి బోధిస్తాడు. ఆధునికుడు ఆ గింజను మరింత సూక్ష్మంగా చీల్చి చూచాడు. ఈసారి ఏదో కనబడింది. కనబడిన వెంటనే దానికి హద్దురాళ్ళు పాతాడు. ఉద్దాలకుడు విత్తనం చీల్చినది కుమారునిలోని గర్వం కరగడానికి. మనం చీల్చినది మమకారం స్థాపించడానికి. చీల్చే క్రియ ఒక్కటే, ఫలితాలు రెండు.

ఇంతమాత్రాన శాస్త్రజ్ఞుని శ్రమకు మూల్యం లేదని నేను అనను. ఇక్కడ నా ఆస్తికమిత్రులలో చాలామందితో విభేదిస్తాను. విద్య అమ్మకూడదు, జ్ఞానం అందరిది, కనుక విదేశీయుడు రాయల్టీ అడగడమే అధర్మం అని వారు సులభంగా తేల్చివేస్తారు. మన సంప్రదాయం అంత సులభమైనది కాదు. ఋషిఋణం అనే భావన ఉన్నది. జ్ఞానం ఇచ్చినవానికి మనం ఋణగ్రస్తులం. గురుదక్షిణ చెల్లించకుండా విద్యను అనుభవించడం అస్తేయానికి భంగం. అయితే దక్షిణకు శిష్యుని శక్తి ఒక కొలత. రైతు కొనే సంచీలో మూడింట రెండువంతులు దక్షిణే అయినప్పుడు అది దక్షిణ లక్షణాన్ని కోల్పోయి పరిగ్రహం అవుతుంది. పైగా ఆ జన్యువును సృష్టించినది ఏ సంస్థా కాదు, మట్టిలో అది ముందే ఉన్నది. సంస్థ చేసినది స్థానాంతరణం. అది మేధాసాధ్యమైన, ధనసాధ్యమైన స్థానాంతరణమే, సందేహం లేదు. కాని కర్తృత్వం ఎంతవరకో భోక్తృత్వమూ అంతవరకే ఉండాలి.

మన పార్లమెంటు ఈ వివేకాన్ని కొంతవరకు చట్టాలలో పొదిగింది. 1995లో ప్రపంచ వాణిజ్యసంస్థలో చేరినప్పుడు మొక్కల వంగడాలకు ఏదో ఒక రక్షణ కల్పించవలసిన బాధ్యత మనపై పడింది. పేటెంటు చట్టంలో మొక్కలు, విత్తనాలు పేటెంటుకు అర్హం కావని స్పష్టం చేసుకొన్నాము. 2001లో వేరుగా చేసిన చట్టం, వంగడం రూపొందించినవానికి హక్కు ఇస్తూనే, రైతు తన పంటలోని విత్తనాన్ని దాచుకొనే, తిరిగి విత్తుకొనే, ఇతరులతో పంచుకొనే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకొనే హక్కును నిలిపింది. పరిగ్రహానికి ఒక కట్ట, దానానికి ఒక తూము. అయితే సంకరవిత్తనం విషయంలో ఈ హక్కు చాలావరకు కాగితానికే పరిమితం. దాచుకొన్న సంకరపు గింజ మరుసటి ఏడు తల్లిగుణాన్ని నిలుపుకోదు. చట్టం తెరిచిన ద్వారాన్ని ప్రకృతినియమం మూసివేస్తుంది. వ్యాపారికి సంకరం మీద ఇంత ప్రీతి ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది.

కౌటిల్యుని వద్దకు ఒకసారి వెళ్దాం. ఆయన అర్థశాస్త్రంలో సీతాధ్యక్షుడు సేకరించి ఉంచవలసిన విత్తనాలలో కార్పాసం, అంటే పత్తి, ఉన్నది. వర్తకుని లాభాన్ని ఆయన స్వదేశీ సరకుపై నూటికి ఐదు, విదేశీ సరకుపై నూటికి పది అని పరిమితం చేశాడు. పరదేశపు సరకు తెచ్చేవానికి రాయితీలిచ్చి ఆహ్వానించమన్నాడు. ప్రజలకు పీడ కలిగించే లాభం ఎంత పెద్దదైనా వదులుకొమ్మన్నాడు. ఈ మూడింటినీ కలిపి చదవాలి. ఆయనకు విదేశీయుని మీద ద్వేషం లేదు, దూరభారం మోసినందుకు రెట్టింపు లాభం ఒప్పుకొన్నాడు. అయితే లాభానికి గట్టు వేశాడు. ఐదూ పదీ నేటికి వర్తిస్తాయని చెప్పడం అమాయకత్వం. పదేళ్ళ పరిశోధన, పది విఫలప్రయోగాల వ్యయం ఆనాటి సార్థవాహునికి లేవు. నిలిచేది గట్టు ఉండాలన్న భావన.

ఇప్పుడు స్వదేశీ పక్షం. మన జిల్లాలో కర్మాగారం నడుపుతున్న తెలుగు సంస్థ అమెరికా సంస్థను ఎదిరించింది కనుక ధర్మం మనవైపే ఉన్నదని సభలలో మాట్లాడేవారున్నారు. నాకూ ఆ ప్రలోభం ఉన్నది, దాచను. నూజివీడులో పుట్టిన ఒక సంస్థ అంతర్జాతీయ మహాసంస్థతో సమానస్కంధంగా నిలిచి వాదించిందంటే తెలుగువానిగా హృదయం కొంత ఉప్పొంగుతుంది. కాని ఉప్పొంగిన హృదయం ప్రమాణం కాదు. ఆ సంస్థ కూడా సంస్థే, లాభమే దానికీ ప్రయోజనం. రాయల్టీ 163 నుండి 49కి, 2018లో 39కి, 2019లో 20కి, 2020లో సున్నకు దిగినప్పుడు మిగిలిన రూపాయలు ఎక్కడికి వెళ్ళాయి? కొంత రైతుకు చేరింది, ఎందుకంటే సంచీ ధర కూడా కొంత తగ్గి 2020 నాటికి 730కి చేరింది. ఆ తగ్గింపులో చేనులో పువ్వుకు పుప్పొడి అంటించే తల్లి ప్రస్తావన మాత్రం ఏ ఉత్తర్వులోనూ నాకు కనబడలేదు. రాయల్టీని రూపాయి లెక్కన తూచిన త్రాసు ఆమె కూలిని తూచలేదు. దేవదానవుల సముద్రమథనంలో తాడుగా ఉపయోగపడిన వాసుకి స్థితి ఆమెది. అమృతం పంపకంలో ఎవరికెంత అన్న కలహమే మనం తరతరాలుగా చెప్పుకొంటున్నాము.

సున్న రాయల్టీ కూడా నిర్దోషం కాదు. 2016లో, ధరల వివాదం మధ్య, ఆ సంస్థలు తరువాతి తరం పత్తి సాంకేతికతకు పెట్టుకొన్న దరఖాస్తును ఉపసంహరించుకొన్నాయి. కలుపుమందును తట్టుకొనే ఆ లక్షణం గల విత్తనం అనుమతి లేకుండానే దొంగదారిన చేలలోకి చేరింది. మా తెలంగాణలో నకిలీ విత్తనాలు అమ్మేవారిపై పోలీసులు పీడీ చట్టం ప్రయోగించే స్థితి వచ్చింది. ఈలోగా గులాబీరంగు కాయతొలుచు పురుగు ఉన్న రెండు జన్యువులకూ నిరోధశక్తి సంపాదించుకొన్నది. 2017 తరువాత పురుగుమందుల డబ్బాలు మళ్ళీ చేలగట్లకు వచ్చాయి. పురుగు కూడా తన ధర్మం తాను నెరవేరుస్తున్నది, దానిని నిందించి లాభం లేదు. ప్రతి సంచీతో అప్పట్లో వచ్చిన 120 గ్రాముల సాధారణ విత్తనాన్ని చేను చుట్టూ నాటి, పురుగుకు కొంత ఆహారం వదలమని శాస్త్రజ్ఞులు మొదటినుండీ చెప్పారు. అట్లా వదిలితే నిరోధశక్తి మెల్లగా పెరుగుతుంది. మనం ఆ చిన్నసంచీని గట్టున పారవేశాము. నిత్యం భూతయజ్ఞం పేరిట కాకికి, చీమకు ముద్ద పెట్టే సంప్రదాయం మనది. చేనులో పురుగుకు ఐదవవంతు వదలడానికి మాత్రం మనసు ఒప్పలేదు. కంపెనీల లోభాన్ని ఇంతసేపు చర్చించాను కనుక మన లోభాన్ని కూడా చెప్పకుండా ఉండలేను.

నా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. విత్తనపు ధర నిర్ణయించేటప్పుడు లక్షణవిలువను ఒక అంశంగా లెక్కిస్తారు. విత్తన క్షేత్రంలో సంకరణ చేసే శ్రమను మరొక అంశంగా, ప్రత్యేకంగా, రూపాయలలో లెక్కించి ప్రకటించాలి. సంస్థలు రైతుకిచ్చే కొనుగోలు ధర ఆ లెక్కకు కట్టుబడి ఉండాలి. జన్యుశుద్ధి పరీక్ష ఫలితాన్ని కాగితం మీద, కారణాలతో సహా రైతుకు ఇవ్వాలి. పునఃపరీక్ష కోరే హక్కు ఉండాలి. పరిశోధనకు దక్షిణ ఉండాలి, సున్న కారాదు, గట్టు దాటరాదు. ఇవి విప్లవాలు కావు. 2006లో ఒక రాష్ట్రప్రభుత్వం చూపిన సాహసంలో పదోవంతు చాలు. ఇందులో సంస్థలకు నష్టం కూడా స్వల్పమే అనుకొంటాను. లోకమంతటా ఇప్పుడు కొనుగోలుదారులు తమ వస్త్రం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో అడుగుతున్నారు. కూలి లెక్క చూపగల విత్తనసంస్థకు అది పోటీలో బలమే అవుతుంది. ధర్మమూ అర్థమూ ఎల్లప్పుడూ పరస్పర విరుద్ధాలని భావించేవారు పురుషార్థాల వరుసను మరచిపోయారు. అర్థానికి ముందు ధర్మాన్ని నిలిపినవారు అర్థాన్ని త్యజించమనలేదు.

సాధకులకు దీనితో ఏమి పని అని ఇంకా అడిగేవారుంటే, మీరు కట్టుకొన్న మడిపంచెను ఒకసారి చూడండి అంటాను. పూజకు వేసే వత్తి కూడా పత్తే. ఆ వత్తి ఏ చేనులో మొలిచిందో, దాని విత్తనానికి ఎవరు పుప్పొడి అంటించారో తెలుసుకొనే ప్రయత్నం నేను ఇంతవరకు చేయలేదు. ముప్పై ఏళ్ళుగా దీపం వెలిగిస్తున్నాను.

అలంపురం నుండి తిరిగి వచ్చేసరికి సాయంకాలం నాలుగైంది. అదే చేను దగ్గర కారు ఆపించాను. ఉదయం పుప్పొడి అంటించిన పని ముగిసి, మరునాటి మొగ్గలు ఒలిచే పని జరుగుతున్నది. ఆ తల్లి నన్ను గుర్తుపట్టి, "దర్శనం మంచిగయిందా సారూ" అని అడిగింది. అయిందమ్మా అన్నాను. అలంపురం తాను ఎన్నడైనా వెళ్ళావా అని అడిగాను. శివరాత్రికి ఒకసారి వెళ్ళిందట, చాలా ఏళ్ళ క్రితం. "ఈ పని దినాలల్ల ఏడికి పోనీకి ఉండదు సారూ, ఒక్కపొద్దు ఇడిసినా పువ్వు ఆగదు గదా" అన్నది. కుంకుమపొట్లం, కొబ్బరిచెక్క ఇచ్చాను. కొంగున ముడివేసుకొని వరుసలోకి వెళ్ళింది.

ఈ భాద్రపదంలో మీలో ఎవరైనా జోగులాంబా దర్శనానికి వెళ్తే, బీచుపల్లి వంతెన దాటాక ఎర్రవల్లి చౌరస్తా వరకు కొంత మెల్లగా ప్రయాణించండి. ఉదయం పదకొండు లోపల వెళ్ళగలిగితే మంచిది. ఎండ ముదిరితే వారు చెట్టునీడకు చేరుతారు.